రెటీనా చేసే పనిని పాలిమర్ పొరకు అప్పగించవచ్చా, లేక అది సిలికాన్ చిప్‌కే వదిలేయాలా?

కాంతిపుంజం:

కెమెరా సెన్సర్ల మీద ఇక్కడ జరిగే చర్చలు ఎక్కువగా పిక్సెళ్ల సంఖ్య దగ్గరే ఆగిపోతున్నాయి. నా ప్రశ్న అది కాదు. బొమ్మను మెరుగుపరిచే పనిలో కొంత భాగాన్ని, అది అంకెలుగా మారకముందే, కాంతిని పట్టే పొరలోనే వాహక పాలిమర్ల (విద్యుత్తును ప్రసరింపజేసే ప్లాస్టిక్ తరహా పదార్థాల) చేత చేయించడం ఫలితమిచ్చే దారేనా, కాదా? ఫలితమిస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెబుతాను, కాదనేవారు తమ కారణాలు చెప్పాలని కోరుతున్నాను.

మనిషి రెటీనాలో మసక వెలుగును పట్టే దండకణాలు సుమారు 12 కోట్లు, రంగులను పట్టే శంకుకణాలు 60 లక్షలు ఉంటే, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే దృష్టినాడిలో ఉన్న పోగులు 10 లక్షల పైచిలుకు మాత్రమే. అంటే కన్ను తాను చూసినదాన్ని ఉన్నదున్నట్టుగా పంపడం లేదు. పొరుగున పడిన వెలుగుతో పోల్చి, తేడాను మాత్రమే ఎత్తి చూపి, మిగిలినదాన్ని అక్కడికక్కడే అణిచివేస్తోంది. ఒక కాంతిగ్రాహకం ఉత్తేజితమైతే దాని పొరుగువాటి సంకేతం తగ్గడాన్ని పార్శ్వ నిరోధం అంటారు. గుర్రపునాడా పీత కంటిలో హార్ట్‌లైన్ దీన్ని కొలిచి చూపారు, దృష్టి శాస్త్రంలో చేసిన కృషికి 1967లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. వెన్నెముక గల జంతువుల రెటీనాలో ఈ పోలిక పనిలో అధిక భాగాన్ని, ఒకదానితో ఒకటి వలలా కలిసిపోయిన హారిజాంటల్ కణాలు చేస్తాయి.

ఆ వలకు పాలిమర్‌లో ప్రతిరూపం కట్టవచ్చని 1995లోనే సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వాహక పాలిమర్ల ఆవిష్కర్తల్లో ఒకరైన అలన్ హీగర్, దృష్టి శాస్త్రవేత్త అయిన ఆయన కుమారుడు డేవిడ్ హీగర్, మరో ఇద్దరు కలిసి రాసిన వ్యాసం అది. పైన ఒక ఎలక్ట్రోడు, కింద ఒక ఎలక్ట్రోడు, మధ్యలో అర్ధవాహక పాలిమర్, ఆ పాలిమర్ నడుమ పాలీఎనిలిన్ అనే వాహక పాలిమర్‌తో చేసిన జల్లెడలాంటి గ్రిడ్: ఇదీ వారి పాలిమర్ ట్రయోడ్. ఇలాంటివి వరుసలుగా పేర్చి, అన్నిటికీ ఒకే గ్రిడ్‌ను ఉమ్మడిగా ఉంచారు. ఎక్కువ వెలుగు అందిన చోట గ్రిడ్ వోల్టేజి మారుతుంది, ఆ మార్పు తడిగుడ్డ మీద సిరాచుక్కలా పక్కకు పాకి, చుట్టూ ఉన్న ట్రయోడ్ల కరెంటును అదుపు చేస్తుంది. పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య విడిగా తీగలు లేవు, గుణకారాలు చేసే యూనిట్ లేదు. పొరుగు ఎంత దూరం వరకు అన్నది ఆ పొర నిరోధమే నిర్ణయిస్తుంది. లెక్క మొత్తం పదార్థంలోనే జరిగిపోయే ఈ పద్ధతిని ప్రయోగశాలలోనే వదిలేయడం పెద్ద నష్టమని నా వాదన.

వలయం:

కాంతిపుంజం గారూ, ఆలోచన అందమైనదే. కానీ ఇమేజ్ సెన్సర్ సర్క్యూట్లు రూపొందించే పనిలో ఉన్నవాడిగా నాకు దీని మీద మూడు అభ్యంతరాలు ఉన్నాయి.

మీరు ఆదా చేస్తామంటున్న లెక్క అసలు అంత పెద్దది కాదు. కోటి 20 లక్షల పిక్సెళ్ల బొమ్మలు సెకనుకు 60 చొప్పున వస్తున్నాయనుకుందాం. ప్రతి పిక్సెల్‌నూ దాని చుట్టూ ఉన్న ఎనిమిదింటితో పోల్చడానికి సెకనుకు దాదాపు 650 కోట్ల గుణకారాలు కావాలి. వినడానికి పెద్ద సంఖ్యే అయినా, నేటి ఫోన్లలోని చిప్‌లకు ఇది భారం కాదు. పొరుగును విస్తరించాలంటే బొమ్మను దశలవారీగా చిన్నది చేసుకుంటూ పోయే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి.

రెండోది చరిత్ర. కార్వర్ మీడ్, మీషా మహోవాల్డ్ 1980ల చివర్లోనే ఇదే పనిని సిలికాన్‌లో చేసి చూపారు. నిరోధాల వలను ట్రాన్సిస్టర్లతో కట్టి, ప్రతి పిక్సెల్ విలువను ఆ వల ఇచ్చే స్థానిక సగటుతో పోల్చారు. అది పాఠంగా నిలిచింది కానీ కెమెరాల్లోకి రాలేదు. పిక్సెల్‌లో చేరిన ట్రాన్సిస్టర్లు కాంతి పడవలసిన చోటును తినేశాయి, ఒక ట్రాన్సిస్టర్‌కూ మరోదానికీ ఉండే చిన్న తేడాలే బొమ్మ మీద మచ్చల్లా కనిపించాయి. ఆ పరంపరలో నిలదొక్కుకున్నది లిక్ట్‌స్టైనర్, పోష్, డెల్‌బ్రుక్ 2008లో ప్రచురించిన 128 అడ్డం 128 పిక్సెళ్ల సెన్సర్ వంటిది. అది 15 మైక్రోసెకన్లలో స్పందిస్తుంది, 120 డెసిబెళ్ల (అంటే పది లక్షల రెట్ల) వెలుగు వ్యత్యాసాన్ని తట్టుకుంటుంది. అయితే అందులో పక్కకు పాకే వల లేదు. ప్రతి పిక్సెల్ తన గతంతో తనను తాను పోల్చుకుంటుంది, అంతే. ఎంతో పరిణతి చెందిన సిలికాన్‌లోనే నిలవని పద్ధతిని, ఏకరీతిగా పోయడం అంతకన్నా కష్టమైన పాలిమర్లలో నిలబెడతామనడం నాకు అర్థం కావడం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. పొరలో జరిగిన మార్పును వెనక్కు తీసుకోలేం. అసలు వెలుగు ఎంత పడిందో తెలియవలసిన వైద్య పరికరానికి గానీ, వస్తువుల నాణ్యత పరీక్షించే కెమెరాకు గానీ, మీ పొర ఇచ్చేది ఇప్పటికే వ్యాఖ్యానించిన బొమ్మ. వెలుగు మారే అంచు దగ్గర లేని చారలు కంటికి కనిపిస్తాయని మాఖ్ 19వ శతాబ్దంలోనే గుర్తించారు. ఆ లేని చారలను కొలత పరికరంలోకి చేతులారా ఎందుకు తెచ్చుకోవాలి?

కాంతిపుంజం:

కొలత పరికరాల విషయంలో మీతో నాకు పేచీ లేదు. అసలు విలువలు కావలసిన చోట ఈ పొరను వాడకూడదు. నేను మాట్లాడుతున్నది అడ్డంకిని గుర్తించవలసిన, దారి తప్పకుండా కదలవలసిన, తక్కువ శక్తితో రోజంతా కళ్లు తెరిచి ఉండవలసిన యంత్రాల గురించి.

గుణకారాల లెక్కకు వస్తే, ఖర్చు అక్కడ లేదు. మీ ఉదాహరణలోనే పిక్సెల్‌కు 10 బిట్ల చొప్పున సెకనుకు 720 కోట్ల బిట్లను అంకెలుగా మార్చి చిప్ దాటించాలి, శక్తిలో పెద్ద వాటా ఆ మార్పిడికీ రవాణాకే పోతుంది. ఇక పిక్సెల్‌లో చోటు చాలకపోవడమంటారా, అది అన్నీ ఒకే తలంలో పక్కపక్కన కట్టడం వల్ల వచ్చిన ఇబ్బంది. పాలిమర్ ట్రయోడ్‌లో వల కాంతిగ్రాహకం పక్కన ఉండదు, దాని కిందో మీదో ఉంటుంది. పైగా ఎరుపు కాంతిని పూర్తిగా పీల్చడానికి సిలికాన్‌కు కొన్ని మైక్రోమీటర్ల మందం కావాలి, మంచి అర్ధవాహక పాలిమర్‌కు తనకు నప్పే రంగులో 100 నుంచి 200 నానోమీటర్లు చాలు. పొరల మీద పొరలు పోయడానికి ఇంతకన్నా అనువైన పదార్థం ఏముంటుంది?

వలయం:

పొరల మీద పొరలు సిలికాన్‌లోనూ వచ్చేశాయి. కాంతిగ్రాహకాలు ఒక చిప్ మీద, సర్క్యూట్లు దాని కింద మరో చిప్ మీద ఉండే సెన్సర్లు 2012 నుంచి ఫోన్లలో ఉన్నాయి. ఇక రవాణా సంగతి. పార్శ్వ నిరోధం పిక్సెళ్ల సంఖ్యను తగ్గించదు. మీ పాలిమర్ పొర ముందు కోటి 20 లక్షల విలువలు ఉంటే, దాని తరువాత కూడా కోటి 20 లక్షల విలువలే ఉంటాయి, ప్రతిదాన్నీ చదవవలసిందే. రెటీనాలో పోగులు తగ్గడానికి కారణం పార్శ్వ నిరోధం ఒక్కటే కాదు, దృష్టి కేంద్రానికి దూరంగా ఉన్నచోట చాలా గ్రాహకాల సంకేతాలు, మెదడుకు సంకేతం పంపే ఒకే గాంగ్లియాన్ కణంలో కలిసిపోవడం కూడా.

కాంతిపుంజం:

సంఖ్య తగ్గదు, నిజమే. విలువల పరిధి తగ్గుతుంది. నీడా ఎండా కలిసిన దృశ్యాన్ని 12 బిట్లలో చదవవలసిన చోట, స్థానిక సగటు తీసేశాక 7 లేదా 8 బిట్లతో సరిపెట్టుకోవచ్చు. ఒక్కో బిట్టు తగ్గినప్పుడల్లా మార్పిడికి అయ్యే శక్తి స్థూలంగా సగమవుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. నాలుగు బిట్లంటే పదహారో వంతు.

నాడీకణం:

ఇద్దరూ పార్శ్వ నిరోధం ఒక స్థిరమైన ఫిల్టర్ అన్నట్టుగా మాట్లాడుతున్నారు. దృష్టి శాస్త్రం చదువుకున్నదానిగా నేను అభ్యంతరం చెప్పవలసింది అక్కడే.

కూఫ్లర్ 1953లో పిల్లి రెటీనాలో గాంగ్లియాన్ కణాలకు నడుమ ఒక తీరు, చుట్టూ దానికి విరుద్ధమైన తీరు ఉంటాయని చూపారు. నాలుగేళ్ల తరువాత బార్లో, ఫిట్జ్‌హ్యూ, కూఫ్లర్ కలిసి మరో సంగతి కనుగొన్నారు. చీకటికి బాగా అలవాటుపడిన కంటిలో ఆ చుట్టూ ఉండే నిరోధం దాదాపుగా మాయమవుతుంది. కారణాన్ని 1982లో శ్రీనివాసన్, లాఫ్లిన్, డబ్స్ ఎంతో స్పష్టంగా వివరించారు. చుట్టుపక్కల వెలుగును బట్టి నడుమ ఎంత వెలుగు ఉండవచ్చో రెటీనా ఊహిస్తుంది, ఆ ఊహకూ వాస్తవానికీ మధ్య తేడాను మాత్రమే పంపుతుంది. పట్టపగలు పక్కనున్న రెండు మూడు గ్రాహకాలతోనే ఊహ సరిగా వస్తుంది. మసక వెలుగులో ఒక్కో గ్రాహకానికి చేరే ఫోటాన్లు (కాంతి కణాలు) తక్కువ, ఏ ఒక్కదాన్నీ నమ్మలేం, కాబట్టి ఎక్కువ దూరం వరకు సగటు తీసుకోవాలి, తీసివేతను బలహీనం చేయాలి. లేకపోతే రెటీనా తేడాలను కాకుండా రొదను పెద్దది చేసి పంపుతుంది.

ఈ సర్దుబాటుకు రెటీనాలో ప్రత్యేక ఏర్పాటు ఉంది. హారిజాంటల్ కణాలను కలిపే ద్వారాలను డోపమైన్ అనే నాడీ రసాయనం మూసివేస్తుంది. వెలుగు పెరిగితే డోపమైన్ పెరుగుతుంది, కణాల మధ్య నిరోధం పెరుగుతుంది, పొరుగు కుంచించుకుపోతుంది. కాంతిపుంజం గారూ, ఒకసారి పోసి ఆరబెట్టిన పాలీఎనిలిన్ గ్రిడ్ ఈ పని ఎలా చేస్తుంది? చేయలేకపోతే, అది ఒకే ఒక్క వెలుగు స్థాయికి కోసి పెట్టిన రెటీనా అవుతుంది, సాయంత్రానికల్లా పనికిరాకుండా పోతుంది.

కాంతిపుంజం:

నాడీకణం గారూ, మీ ప్రశ్న ఈ చర్చకు ప్రాణం. దానికి భౌతికశాస్త్రంలో కొంత జవాబు ముందే ఉంది, అందుకే నాకు ఈ పరికరాల మీద ఇంత ఆశ.

ఒక నిరోధక పొర మీద ఒక బిందువు దగ్గర వోల్టేజి మారితే, ఆ మార్పు దూరంతో పాటు ఘాతీయంగా తగ్గుతుంది. ఎంత దూరం పాకుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: పక్కకు పోయేటప్పుడు పొర చూపే నిరోధం, నిలువుగా కారిపోవడానికి ఉన్న వాహకత. ఈ రెండింటి లబ్ధానికి వర్గమూలం తీసి విలోమం చేస్తే వ్యాప్తి దూరం వస్తుంది. కాంతివాహక పాలిమర్‌లో నిలువు వాహకత పడిన వెలుగును బట్టి పెరుగుతుంది. కాబట్టి వెలుగు ఎక్కువైతే వ్యాప్తి దూరం దానంతటదే తగ్గుతుంది, మసకబారితే దానంతటదే పెరుగుతుంది. మీరు చెప్పిన దిశ ఇదే కదా.

అంకెలు వేసి చూద్దాం. పగటి వెలుగులో లెన్స్ వెనుక చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక మిల్లీవాట్ చేరుతుందని, పాలిమర్ దాన్ని 0.2 మిల్లీఆంపియర్లుగా మారుస్తుందని, వోల్టేజి ఒక వోల్ట్ అని అనుకుందాం. నిలువు వాహకత చదరపు సెంటీమీటరుకు 0.2 మిల్లీసీమెన్స్ (సీమెన్స్ అంటే వాహకతకు ప్రమాణం). వ్యాప్తి దూరం 100 మైక్రోమీటర్లు కావాలంటే పొర నిరోధం చదరానికి 5 కోట్ల ఓంలు ఉండాలి. 100 నానోమీటర్ల మందంలో అది సెంటీమీటరుకు 0.002 సీమెన్స్ వాహకత. ఇది దొరకని పదార్థం కాదు. పెడాట్-పీఎస్ఎస్ అనే వాహక పాలిమర్‌లో సెంటీమీటరుకు ఒక సీమెన్స్‌లో వెయ్యోవంతు ఇచ్చే రకం నుంచి వెయ్యి సీమెన్స్ దాకా ఇచ్చే రకం వరకు ఉన్నాయి. కోరిన వాహకతకు పదార్థాన్ని కలుపుకోగలగడమే ఈ పాలిమర్ల అసలు బలం. 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ పాలీఎసిటిలీన్‌కు అయోడిన్ పట్టించి దాని వాహకతను దాదాపు కోటి రెట్లు పెంచిన నాటి నుంచి ఇది మనకు తెలిసినదే.

వలయం:

లెక్క వేసి చూపినందుకు ధన్యవాదాలు. అదే లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్తాను.

100 నానోమీటర్ల పాలిమర్ పొర కెపాసిటెన్స్ (ఛార్జిని నిలవ ఉంచుకునే సామర్థ్యం) చదరపు సెంటీమీటరుకు సుమారు 26 నానోఫారడ్‌లు. దాన్ని మీ నిలువు వాహకతతో భాగిస్తే, వల స్థిరపడటానికి పట్టే కాలం పగటి వెలుగులో 130 మైక్రోసెకన్లు. బాగుంది, ఏ కెమెరాకైనా చాలు. కానీ గదిలోకి వెళితే లెన్స్ వెనుక వెలుగు వెయ్యో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు స్థిరపడే కాలం 130 మిల్లీసెకన్లు. సెకనుకు 60 బొమ్మలు కావలసిన చోట, ఒక్కో బొమ్మ మీద దాని ముందు ఏడెనిమిది బొమ్మల నీడ పడుతుంది. వ్యాప్తి దూరం కూడా వెయ్యికి వర్గమూలం చొప్పున, అంటే 32 రెట్లు పెరిగి 3 మిల్లీమీటర్లు దాటుతుంది. సెన్సర్ వెడల్పే 6 మిల్లీమీటర్లయితే, పొరుగు అన్న మాటకు అర్థం లేదు. సగం బొమ్మ మిగతా సగాన్ని అణిచివేస్తుంది. దిశ సరైనదే కావచ్చు, మోతాదు మీ చేతిలో లేదు.

నాడీకణం:

స్థిరపడే కాలాన్ని నేను అంత పెద్ద లోపంగా చూడను. మన దండకణాలు కూడా మసక వెలుగులో 100 నుంచి 200 మిల్లీసెకన్ల పాటు ఫోటాన్లను పోగేసుకుంటాయి. చీకట్లో వేగంగా కదిలే వస్తువు మనకూ సరిగా కనిపించదు. ఫోటాన్లు లేనిచోట వేగాన్ని ఏ పదార్థమూ తేలేదు, సిలికాన్ అయినా సరే. వ్యాప్తి మోతాదు మాత్రం నిజమైన సమస్య, అక్కడ వలయం గారి మాట నిలుస్తుంది.

పలుచని పొర:

పాలిమర్ పొరలు పోయడమే నా వృత్తి. మోతాదు చేతిలో లేదన్న మాటకు నా దగ్గర ఒక జవాబుంది, ఆ తరువాత ఇద్దరికీ నచ్చని సంగతి ఒకటుంది.

వాహక పాలిమర్‌ను అయాన్లు ఉన్న ద్రావణానికో జెల్‌కో తాకించి చిన్న వోల్టేజి ఇస్తే, అయాన్లు పొర లోపలికి చొరబడి దాని వాహకతను మారుస్తాయి. ఈ సూత్రం మీద నడిచే ఎలక్ట్రోకెమికల్ ట్రాన్సిస్టర్‌ను రైటన్ బృందం 1984లోనే పాలీపిరోల్ అనే మరో వాహక పాలిమర్‌తో చేసి చూపింది. పెడాట్-పీఎస్ఎస్‌తో ఒక వోల్ట్‌లోపే ఈ పని జరుగుతుంది. అంటే ఉమ్మడి గ్రిడ్‌ను అలాంటి పొరతో చేస్తే, మసక వెలుగులో దాని నిరోధాన్ని వెయ్యి రెట్లు పెంచి వ్యాప్తి దూరాన్ని తిరిగి 100 మైక్రోమీటర్లకు తేవచ్చు, లేదా నాడీకణం గారు చెప్పినట్టు కొంత విస్తరించనివ్వవచ్చు. హారిజాంటల్ కణాల మీద డోపమైన్ చేసే పనికి ఇది చాలా దగ్గర. అయాన్లు నెమ్మదిగా కదులుతాయి, పెద్ద పొరకు సెకన్లు పట్టవచ్చు. కానీ కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి అరగంట పడుతుంది, సర్దుబాటు వేగంగా ఉండాలని ఎవరూ అడగడం లేదు.

ఇక నచ్చని సంగతి. పెడాట్-పీఎస్ఎస్ గాలిలోని తేమను పీలుస్తుంది, తేమతో పాటు దాని నిరోధం మారుతుంది. అది ఆమ్లం కూడా, కింద ఉన్న ఎలక్ట్రోడును నెమ్మదిగా తినేస్తుంది. కాంతిని పట్టే పీ3హెచ్‌టీ లాంటి పాలిమర్లు వెలుగూ ఆక్సిజనూ కలిసినప్పుడు రంగు వెలిసి పాడవుతాయి, అంటే ఏ పని కోసం పెట్టామో ఆ పనే వాటిని చంపుతుంది. గాలి చొరకుండా మూయడం అసాధ్యం కాదు, ఓఎల్ఈడీ తెరలు దాన్ని నిరూపించాయి. కానీ ద్రవమో జెల్లో లోపల ఉంచి, ఆక్సిజన్‌నూ నీటి ఆవిరినీ బయట ఉంచడం తెర కన్నా కష్టమైన పని. కాంతిపుంజం గారి అంకెలన్నీ కొత్తగా పోసిన పొరకు వర్తిస్తాయి. ఆరు నెలల తరువాతి పొరకు ఆ అంకెలు ఎంత మారతాయో కొలవకుండా ఈ వాదన గెలవదు.

మధ్యేమార్గం ఒకటి ఉంది. 2013లో ఫుజీఫిల్మ్, పానసోనిక్ ప్రకటించిన సెన్సర్‌లో కాంతిని పట్టే పని సేంద్రియ పొరది, మిగతా అంతా కింది సిలికాన్‌ది. పరిశ్రమలో కొందరు వెళ్లింది ఆ దారిలోనే.

కనుపాప:

కొత్తగా చేరాను. ఇదే పీ3హెచ్‌టీని చూపు పోయిన ఎలుకల కంటిలో అమర్చి, వెలుగుకు స్పందన తెప్పించారని చదివాను. మరి అక్కడ పనికివచ్చినది కెమెరాలో ఎందుకు పనికిరాదు?

నాడీకణం:

కనుపాప గారూ, 2017లో ఇటలీ బృందం చేసిన ఆ పనిలో పాలిమర్ చేసేది వెలుగును విద్యుత్ మార్పుగా అందించడం మాత్రమే. పోలిక, తీసివేత వంటి పనులను ఎలుక రెటీనాలో చెడకుండా మిగిలిన బైపోలార్, అమాక్రిన్, గాంగ్లియాన్ కణాలే చేసుకుంటాయి. మనం ఇక్కడ వాదిస్తున్నది ఆ కణాల పనిని పాలిమర్ చేయగలదా అన్నదాని గురించి. రెండూ వేరు.

వలయం:

పలుచని పొర గారు చెప్పిన అయాన్ల సర్దుబాటు వ్యాప్తి మోతాదు మీద నా అభ్యంతరాన్ని చాలావరకు తీర్చింది, అది ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. అయితే ఉమ్మడి పొర మీద మరో ప్రశ్న మిగిలి ఉంది. 100 నానోమీటర్ల పొరలో ఎక్కడో ఒక ధూళికణం పడి, గ్రిడ్ కింది ఎలక్ట్రోడును తాకిందనుకోండి. విడివిడి పిక్సెళ్లున్న సెన్సర్‌లో ఒక పిక్సెల్ చస్తుంది, పక్కవాటి విలువలతో దాన్ని పూడ్చేస్తాం. ఉమ్మడి గ్రిడ్‌లో ఆ లోపం తన చుట్టూ వ్యాప్తి దూరం మేర వోల్టేజిని లాగేస్తుంది. పిక్సెల్ 5 మైక్రోమీటర్లదైతే, 100 మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో వెయ్యికి పైగా పిక్సెళ్లు దెబ్బతింటాయి. మసక వెలుగులో వ్యాప్తిని పెంచినకొద్దీ ఆ మచ్చ కూడా పెరుగుతుంది.

కాంతిపుంజం:

ఆ లోపం పిక్సెల్‌ను పూర్తిగా చంపదు, దాని స్థానిక సగటును తప్పు చేస్తుంది. కాంతిగ్రాహకం బతికే ఉంటుంది. తప్పు ఏ ఆకారంలో ఉంటుందో ముందే తెలుసు: లోపం దగ్గర ఎక్కువ, దూరంతో ఘాతీయంగా తక్కువ. ఏకరీతి వెలుగు చూపి ఒకసారి కొలుచుకుంటే చదివేటప్పుడు సరిచేయవచ్చు. అయితే ఒక చిక్కు ఉంది. అయాన్లతో వ్యాప్తిని మార్చిన ప్రతిసారీ ఆ దిద్దుబాటు పట్టిక కూడా మారాలి, అంటే సెన్సర్ తన గ్రిడ్ నిరోధం ఈ క్షణాన ఎంత ఉందో తానే కొలుచుకోగలగాలి. గ్రిడ్ అంచున రెండు అదనపు ఎలక్ట్రోడ్లు పెడితే అది సాధ్యమేనని నా అంచనా. పలుచని పొర గారూ, తేమ వల్ల వచ్చే మార్పునూ, అయాన్ల వల్ల కావాలని తెచ్చిన మార్పునూ ఆ రెండు ఎలక్ట్రోడ్ల కొలతతో వేరుచేయవలసిన అవసరం ఉంటుందా, లేక మొత్తం నిరోధం తెలిస్తే చాలునా?

పలుచని పొర:

పొర అంతటా తేమ సమానంగా చేరితే మొత్తం తెలిస్తే చాలు. కానీ తేమ అంచుల నుంచి లోపలికి పాకుతుంది. మీ ఎలక్ట్రోడ్లు పెట్టింది కూడా అంచునే, కాబట్టి అవి చూపేది అన్నిటికన్నా ముందుగా చెడే భాగాన్ని. నడుమ నిరోధం తెలియాలంటే కనీసం నాలుగు మూలల నుంచీ కరెంటు పంపి కొలవాలి, అప్పుడు కూడా వచ్చేది స్థూలమైన చిత్రమే. అది మీ దిద్దుబాటుకు సరిపోతుందో లేదో వలయం గారే లెక్క వేసి చెప్పాలి.